కలిసి పనిచేయాలంటే కలిసిపోవాలా?

ప్రశ్న: నేను క్రైస్తవ విశ్వాసిని. మా చర్చిలో యువజన విభాగం పనులు చూస్తుంటాను. ప్రపంచంలో కటిక పేదరికంలో ఉన్నవాళ్ల కోసం నిధులు సేకరించి పంపడానికి ఒక మసీదు కమిటీ, ఒక హిందూ సేవా బృందం, మేము కలిసి ఏడాదిపాటు పనిచేద్దామని అనుకున్నాం. అందరిలోనూ ఉత్సాహం ఉంది. అయితే సంతకాలు పెట్టాల్సిన ఉమ్మడి ప్రకటనలో మొదటి వాక్యమే 'మతాలు వేరైనా అవి చెప్పేది ఒక్కటే, చేర్చే గమ్యమూ ఒక్కటే' అని ఉంది. ప్రతి సమావేశమూ ఉమ్మడి ప్రార్థనతో మొదలవ్వాలని కూడా రాశారు. నాకది మింగుడుపడలేదు. మా పాస్టరుగారు 'అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి' అన్న వాక్యం చూపించి అసలు వెళ్లొద్దంటున్నారు. ఈ సంగతి బృందంలో చెబితే, 'ఆకలితో చచ్చేవాళ్ల ముందు నీ సిద్ధాంతం ఏంటమ్మా' అని ఒక పెద్దాయన విసుక్కున్నారు. రెండు వైపులా టెన్షన్. వెళ్తే నా విశ్వాసాన్ని పలచన చేసుకున్నట్టా? మానేస్తే పేదవాళ్లను వదిలేసినట్టా? ప్రకటన కాపీ జత చేస్తున్నాను.
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

పనికి వెళ్లండి. ఆ వాక్యం కింద సంతకం పెట్టకండి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది పని కాదు, పనికి ముందు తగిలించిన ముందుమాట.

ముందు ఆ పెద్దాయన మాట సంగతి చూద్దాం. ఆకలి ముందు సిద్ధాంతం ఎందుకని ఆయన అడిగారు. నిజమే. మరి ఆ సిద్ధాంతాన్ని ప్రకటనలో మొదటి వాక్యంగా పెట్టింది ఎవరు? మీరైతే కాదు. 'మతాలన్నీ ఒక్కటే' అనే మాట ఎవరి పక్షమూ వహించనట్టు కనిపిస్తుంది గానీ, అదీ ఒక మత సిద్ధాంతమే. దాన్ని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు కోట్లలో ఉన్నారు, రామకృష్ణ పరమహంస లాంటివారు సాధన చేసి మరీ చెప్పారు. అలా నమ్మే హక్కు వాళ్లకుంది. కానీ తక్కినవాళ్లందరి చేత దాని మీద సంతకం పెట్టిస్తేనే అన్నం పెట్టే పనిలోకి రానిస్తామనడం, మీ పాస్టరుగారు ఆ హిందూ బృందం చేత అపొస్తలుల విశ్వాస ప్రమాణం, అంటే క్రైస్తవులు తమ నమ్మకాన్ని ప్రకటించే పాఠం, చదివించడం లాంటిదే. చేయించేది మర్యాదస్తులు కాబట్టి మనకు అలా అనిపించదు, అంతే.

పైగా ఆ వాక్యంతో ఇబ్బంది మీ ఒక్కరిదే అనుకోకండి. మసీదు కమిటీలో ఎవరినైనా పక్కకు పిలిచి అడగండి. 'మీ ధర్మం మీది, నా ధర్మం నాది' అని ముగిసే ఖురాన్ అధ్యాయం (సూరా) వాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది. అల్లాహ్‌కు సాటి లేడన్నది వాళ్ల మతానికి పునాది. అది వదులుకుని 'అన్నీ ఒక్కటే' అనమంటే మొహమాటానికి తలూపుతారేమో గానీ మనసులో ఒప్పుకోరు. హిందువుల్లోనూ మధ్వాచార్యుల సంప్రదాయం జీవుడు వేరు, దేవుడు వేరు అని గట్టిగా చెబుతుంది. రేపు ఒక బౌద్ధ సంఘం మీతో చేరుతానందనుకోండి. సృష్టికర్త అనే భావననే ఒప్పుకోని వాళ్లకు 'గమ్యం ఒక్కటే' అంటే ఏ గమ్యం? జైనులకు ఏ గమ్యం? అందరినీ కలుపుకోవాలని రాసిన వాక్యం నిజానికి ఒక్కొక్కరినీ కొంచెం కొంచెం బయటికి నెడుతోంది. ఎవరూ నోరు విప్పరు కాబట్టి అది బయటపడదు. మీరు విప్పారు. మంచిదే.

ఈ చిక్కు కొత్తదీ కాదు. మీకంటే ముందు దీనితో తల బద్దలు కొట్టుకున్నవాళ్లు ఉన్నారు, పనికొచ్చే దారులూ కనిపెట్టారు.

అమెరికాలో జోసెఫ్ సొలొవేచిక్ అనే సనాతన యూదు గురువు 1964లో ఒక వ్యాసం రాశారు. కాథలిక్ చర్చి యూదులతో సంభాషణ మొదలుపెట్టాలని చూస్తున్న రోజులవి. ఆయన గీసిన గీత ఇది: పేదరికం, పౌర హక్కులు, సమాజ నీతి లాంటి విషయాల్లో ఇతర మతస్థులతో కలిసి పనిచేయాలి, అది మన బాధ్యత. దేవుడితో మన సంబంధం ఎలాంటిదన్నది మాత్రం బేరసారాలకు పెట్టే విషయం కాదు. ఒక మతం తన నమ్మకాన్ని ఇంకో మతానికి నచ్చేలా సవరించుకోవాలని ఎవరూ ఆశించకూడదు. తమ ఆచారాల్లో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని సమాజం నుంచి, పేదల కోసం పక్కవాడితో చెయ్యి కలపమన్న మాట వచ్చింది. చెయ్యి కలపడం వల్ల తమ మతం కరిగిపోతుందని ఆయన భయపడలేదు. ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకున్నారు కాబట్టి.

ప్రార్థన సంగతికి అసిసి ఉదాహరణ చూడండి. 1986 అక్టోబరు 27న పోప్ రెండో జాన్ పాల్ ఇటలీలోని ఆ ఊరికి లోకంలోని మతపెద్దలందరినీ శాంతి కోసం పిలిచారు. అప్పుడు వాటికన్ వాడిన సూత్రం చాలా జాగ్రత్తగా రాసింది: మనం 'కలిసి ప్రార్థించడానికి' రావడం లేదు, 'ప్రార్థించడానికి కలిసి' వస్తున్నాం. ఒక్కో మతానికీ ఊళ్లో ఒక్కో చోటు ఇచ్చారు. తర్వాత అందరూ ఒకచోట చేరినా, ఎవరి ప్రార్థన వాళ్లే వంతులవారీగా చేశారు. అంత జాగ్రత్తపడ్డా కాథలిక్కుల్లోనే విమర్శలు చెలరేగాయి. 2011లో అదే ఊళ్లో పోప్ 16వ బెనెడిక్ట్ మళ్లీ సమావేశం జరిపినప్పుడు ఆ వంతుల ప్రార్థనలు కూడా పక్కనపెట్టి, ఎవరికి వారికి విడి గదులు ఇచ్చారు. పోప్‌లే ఇంత సతమతమైన చోట, మీ ప్రకటన రాసినవాళ్లు 'ప్రతి సమావేశమూ ఉమ్మడి ప్రార్థనతో' అని ఒక్క లైనులో తేల్చేశారు.

2019 ఫిబ్రవరిలో అబుదాబిలో పోప్ ఫ్రాన్సిస్, ఈజిప్టులోని పేరున్న ఇస్లాం విద్యాపీఠం అల్-అజ్హర్‌కు గ్రాండ్ ఇమామ్ అయిన అహ్మద్ అల్-తయ్యిబ్ కలిసి ఒక పత్రం మీద సంతకాలు చేశారు. పేదరికం, అన్యాయం, హింస గురించి అందులో రాసినదానికి పెద్దగా ఎవరూ అడ్డు చెప్పలేదు. గొడవంతా ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. రంగు, జాతి, భాషల్లాగే మతాల వైవిధ్యం కూడా దేవుడి సంకల్పమే అన్నది ఆ వాక్యం. దేవుడు దాన్ని కోరాడా, ఊరికే అనుమతించాడా అని కాథలిక్కుల్లో నెలల తరబడి చర్చ నడిచింది. మంచి పత్రమే. కానీ పని వదిలి తత్వంలోకి వెళ్లిన చోటే కాలు జారింది. మీ ప్రకటనకు కూడా ఇదే గతి పట్టకూడదని నా తాపత్రయం.

ఇక మీ పాస్టరుగారు. ఆయన భయాన్ని నేను కొట్టిపారేయను. మొహమాటంతో మొదలై, 'ఎందుకులే నొప్పించడం' అని క్రీస్తు పేరు ఎత్తడం మానేసి, చివరికి తాము ఏం నమ్ముతున్నామో తామే చెప్పలేని స్థితికి వచ్చిన సంఘాలు లేకపోలేదు. కానీ ఆయన చూపించిన వాక్యాన్ని దాని చోట పెట్టి చదవమనండి. రెండో కొరింథీ పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు వెంటనే మాట్లాడేది దేవుని ఆలయం గురించి, విగ్రహాల గురించి. అంటే ఆరాధన కలగలిసిపోవడం గురించి. అదే పత్రికలో రెండు అధ్యాయాలు దాటితే యెరూషలేములోని పేదల కోసం చందాలు పోగుచేసే విషయం ఉంటుంది, అదీ రెండు అధ్యాయాల పొడవునా. అదే సంఘానికి రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లి పెట్టినది తినమన్నాడు. అన్యులతో అసలు కలవకుండా ఉండాలంటే లోకం విడిచి వెళ్లిపోవాల్సిందేనని ఐదో అధ్యాయంలో ఆయనే అన్నాడు. గలతీయులకు రాస్తూ 'అందరియెడలను' మేలు చేద్దామన్నాడు, 'విశేషముగా' విశ్వాసులకు అని చేర్చాడు. 'విశేషముగా' ఉందని 'అందరియెడలను' చెరిగిపోదు కదా.

మంచి సమరయుడి కథ కూడా మీ పాస్టరుగారికి గుర్తు చేయండి, కానీ సగం కాదు. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి, యూదులు దూరం పెట్టిన సమరయుడొకడు ఆదుకున్నాడని యేసు చెప్పిన కథ అది. యూదులకూ సమరయులకూ మధ్య ఉన్నది ఉత్త కులద్వేషం కాదు. ఎక్కడ ఆరాధించాలి, ఏ గ్రంథాలు ప్రమాణం అన్న నిఖార్సయిన మతభేదం. యేసు ఆ భేదాన్ని దాచలేదు. యోహాను సువార్త నాలుగో అధ్యాయంలో సమరయ స్త్రీతో మీకు తెలియనిదాన్ని మీరు ఆరాధిస్తున్నారని మొహం మీదే చెప్పాడు. అయినా పొరుగువాడంటే ఎవరని అడిగితే సమరయుడినే చూపించాడు. సిద్ధాంతంలో రాజీ పడలేదు, మంచితనాన్ని గుర్తించడంలో పిసినారితనమూ చూపలేదు. మీకు ఇంతకంటే అండ ఏం కావాలి?

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది చెబుతాను. తేడాలు చెరిపేస్తే మీ విశ్వాసానికే కాదు, పేదవాడికీ నష్టం.

మనిషి జేబులోంచి డబ్బు తీసి, మొహం కూడా చూడని ఎవరికో పంపడం అంత తేలికైన పని కాదు. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో కటిక పేదరికపు గీతను రోజుకు మూడు డాలర్లకు మార్చింది. ఆ గీతకు దిగువన 80 కోట్లకు పైగా మనుషులున్నారు, వాళ్లలో ఎక్కువమంది సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలవాళ్లు. ఈ అంకె చదివి ఎంతమంది ఏటా తప్పకుండా డబ్బు పంపుతారు? చాలా తక్కువ. కానీ ముస్లిం తన పొదుపులో నూటికి రెండున్నర వంతు జకాత్‌గా ఏటా లెక్కగట్టి ఇస్తాడు, ఎందుకంటే అది నమాజులాగే విధి. మీ సంఘంలో దశమభాగం ఇచ్చేవాళ్లు దేవుడి సొమ్ము దేవుడికి ఇస్తున్నామని ఇస్తారు. సిక్కులు దస్వంధ్ పేరుతో సంపాదనలో పదోవంతు తీస్తారు, లంగరులో (గురుద్వారా ఉచిత భోజనశాలలో) ఎవరొచ్చినా నేల మీద ఒకే వరసలో కూర్చోబెట్టి వడ్డిస్తారు. ఒక్కడే తినేవాడు పాపాన్నే తింటాడని ఋగ్వేదం అంటుంది. తైవాన్‌లో ఛెంగ్ యెన్ అనే బౌద్ధ సన్యాసిని 1966లో మొదలుపెట్టిన త్సూ చీ సంస్థ బుద్ధుడి కరుణ పేరు మీదే ఎన్నో దేశాల్లో పనిచేస్తోంది. వీటిలో ప్రతిదీ ఒక ప్రత్యేకమైన నమ్మకంలోంచి పుట్టింది. ఆ నమ్మకాలను అరగదీసి నునుపు చేసి 'మానవత్వమే మతం' అని రాస్తే చదవడానికి బాగుంటుంది, గోడ మీద పెట్టుకోవచ్చు. దాని పేరు చెప్పి ఏటా రెండున్నర శాతం ఇచ్చేవాడు మాత్రం నాకు ఇంకా తగల్లేదు.

నైజీరియాలో మలేరియా మీద పోరాటం చూడండి. క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య రక్తపాతం జరిగిన దేశమది. అక్కడి ముస్లింల పెద్ద సొకోటో సుల్తాన్, అబుజా కాథలిక్ ఆర్చ్‌బిషప్ ముందుండి, ఇమాములకూ పాస్టర్లకూ దోమతెరల వాడకం మీద శిక్షణ ఇప్పించారు. శుక్రవారం ఇమాము ఖురాన్ ఆధారంగా చెప్పాడు, ఆదివారం పాస్టరు బైబిలు ఆధారంగా చెప్పాడు. దోమతెర ఒక్కటే, ప్రసంగాలు రెండు. రెండిటినీ కలిపి ఒకే ఉమ్మడి ప్రసంగం తయారుచేసి ఉంటే రెండు చోట్లా జనం ఆవులించేవాళ్లు.

'జూబిలీ 2000' ఉద్యమం కూడా అంతే. పేద దేశాల అప్పులు రద్దు చేయాలన్న ఆ ఆలోచన మొదలైంది లేవీయకాండం 25వ అధ్యాయంలోంచి, యాభయ్యో ఏడు పోగొట్టుకున్న భూములు తిరిగి ఇచ్చి దాసులను విడిచిపెట్టాలన్న నియమంలోంచి. పేరులోనే బైబిలు ఉంది, ఎవరూ దాచలేదు. అయినా దేవుణ్ణి నమ్మనివాళ్లతో సహా ఎందరో కలిశారు. 1998లో బర్మింగ్‌హామ్‌లో జీ8 నేతల సమావేశం జరుగుతుంటే వేలాదిమంది చేయీ చేయీ పట్టుకుని మానవహారం కట్టారు. మరుసటి ఏడాదే పేద దేశాల రుణ ఉపశమన పథకాన్ని పెద్దది చేశారు. టాంజానియా లాంటి దేశాలు ప్రాథమిక పాఠశాలల్లో ఫీజులు ఎత్తేయడానికి ఆ వెసులుబాటు తోడ్పడింది.

మీ సంఘానికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీరు వాళ్ల వాక్యానికి జంకుతున్నట్టే, వాళ్లు మీ కరపత్రాలకు జంకుతుంటారు. సాయం పేరుతో మత ప్రచారం చేస్తారేమోనన్న అనుమానం మీ ఎదురుగా ఎవరూ అనకపోవచ్చు, కానీ ఆ గదిలో అది ఉంటుంది. ఒక్కోసారి దానికి కారణాలూ ఉంటాయి. దీనికి మందు ఇప్పటికే ఉంది. రెడ్‌క్రాస్ ఉద్యమం, సహాయ సంస్థలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళి ప్రకారం, మతమూ జాతీ చూడకుండా సాయం చేయాలి, ఒక మత భావాన్ని ముందుకు నెట్టడానికి సాయాన్ని వాడుకోకూడదు. సంస్థకు మత విశ్వాసం ఉండకూడదని అది అనలేదు. ఆకలిని ఎరగా వాడొద్దంది. ఈ నియమాన్ని మీరే ముందుగా ప్రతిపాదించండి. ప్యాకెట్లలో కరపత్రాలు ఉండవని మీ నోటితో మీరే చెబితే, ఆ మొదటి వాక్యం తీసేయమని అడిగేటప్పుడు మీ మాటకు బరువుంటుంది. ఎవరైనా 'ఎందుకు చేస్తున్నావమ్మా ఇదంతా' అని అడిగితే మాత్రం యేసు పేరు చెప్పడానికి సిగ్గుపడనక్కర్లేదు, మసీదు కుర్రాడు అల్లాహ్ పేరు చెప్పడానికీ సిగ్గుపడనక్కర్లేదు.

మీరు పంపిన ప్రకటన మళ్లీ చదివాను. అందులో ప్రేమ, ఐక్యత, విశ్వమానవ కుటుంబం అన్నీ ఉన్నాయి. డబ్బు ఏ దేశానికి వెళ్తుంది, ఏ పనికి వెళ్తుంది, ఎవరి చేతుల మీదుగా వెళ్తుంది, లెక్కలు ఎవరు చూస్తారు అన్నది ఒక్క ముక్క లేదు. నా దృష్టిలో మతాల గీతలు చెరపడం కంటే పెద్ద లోపం ఇది. చాలాచోట్ల నేను గమనించిన సంగతేమిటంటే, చేయబోయే పని స్పష్టంగా లేనప్పుడే మాటలు ఇలా ఆకాశానికి వెళ్తాయి. అందరూ ఒకే వేదిక మీద నిలబడి ఫొటో దిగుతారు, కార్యక్రమం విజయవంతమైందంటారు, ఆఫ్రికాలో ఏ తల్లికీ ఆ సంగతి తెలియదు. శ్రీలంకలో 2006లో మూతూరు ప్రాంతంలో యుద్ధానికి జనం చెల్లాచెదురైనప్పుడు, యునైటెడ్ మెథడిస్ట్ చర్చి సహాయ సంస్థ, ముస్లిం ఎయిడ్ ముందు కలిసి పనిచేశాయి. ఒప్పంద పత్రం మీద సంతకాలు ఆ మరుసటి ఏడాది చేశాయి. మీరు తలకిందులుగా మొదలుపెట్టారు.

డబ్బు దగ్గర ఇంకో చిన్న జాగ్రత్త. జకాత్ ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది, అది ముస్లిమేతరులకు ఇవ్వవచ్చా అన్నదాని మీద పండితులకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఐచ్ఛిక దానమైన సదఖాకు ఆ పరిమితి లేదు. కాబట్టి అంతా ఒకే హుండీలో పోయకండి. ఎవరి ఖాతా వాళ్లకు ఉండనీయండి, ప్రాజెక్టు ఒక్కటి పెట్టుకోండి, లెక్కలు మాత్రం అందరికీ చూపించుకోండి. ప్రార్థన కూడా అలాగే. సమావేశానికి పావుగంట ముందు ఎవరి ప్రార్థన వాళ్లు చేసుకుని రండి, గంట కొట్టగానే పని మొదలుపెట్టండి.

ప్రకటన మొదటి వాక్యం బదులు ఇలా ఏదైనా రాయమనండి: 'మా నమ్మకాలు వేరు. దేవుడి గురించి, మోక్షం గురించి, రక్షణ గురించి మేము ఒకేలా అనుకోవడం లేదు, అనుకుంటున్నట్టు నటించడమూ లేదు. పేదవాళ్లను ఆదుకోవడం మా మతం మాకు అప్పగించిన బాధ్యతని ఎవరికి వారుగా నమ్ముతున్నాం. అందుకే ఈ ఏడాది ఈ పని కలిసి చేస్తాం.' ఆ తర్వాత ఆ పని ఏమిటో, ఎంత డబ్బో, ఎప్పటికో రాయండి. ఇది చదివితే మీ పాస్టరుగారూ, ఇమాముగారూ, విసుక్కున్న ఆ పెద్దాయనా ముగ్గురూ మనసులో ఏదీ దాచుకోకుండా సంతకం పెట్టగలరు.

వాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఆ వాక్యం లేకపోతే ఐక్యతే లేదని ఎవరో ఒకరు పట్టుబడతారు. అప్పుడు గొడవ పెట్టుకోకుండా, సంతకం మానేసి, మీ చర్చి వంతు డబ్బును విడిగా సేకరించి అదే ప్రాజెక్టుకు పంపుతామని చెప్పండి. మూటలు కట్టడానికి, లెక్కలు రాయడానికి మనుషులనూ పంపండి. ఆ సాయాన్ని కాదనే బృందం అరుదు. కొన్నాళ్లు పోయాక ఆ వాక్యాన్ని ఎందుకు పెట్టారో కూడా చాలామందికి గుర్తుండదు.

పాస్టరుగారిని మాత్రం ఒకసారి సమావేశానికి తీసుకెళ్లండి. ప్రకటన దిద్దించాకే సుమా, ముందు కాదు.